ఉమ్మడి సీసా

అద్దె గది, మేడ మీద
ఆదివారం మధ్యాహ్నం

అన్నయ్యకి,

నువ్వు పేరు పెట్టిన నీ గుండుసూది చెల్లెలు రాస్తోంది. ఇక్కడికొచ్చి మూడు నెలలైంది. బతికే ఉన్నానని వదినకి చెప్పు. ఫోన్ చేస్తే నువ్వు ఊఁ, ఊఁహూఁ తప్ప మాట్లాడవు కాబట్టి ఉత్తరమే రాస్తున్నాను. కాగితం మీదైతే నీకు నోరు లేస్తుంది.

ముందు పని సంగతి. కంటి ఆసుపత్రి శుభ్రంగా ఉంది, పరికరాలన్నీ కొత్తవి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా చీకటి గదిలో కూర్చుని, ఎదుటివాళ్ల ముక్కు మీద ఇనుప చట్రం పెట్టి, అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడుగుతూ ఉంటాను. నన్ను మాత్రం నీకెలా ఉందని అడిగే మనిషి లేడు. జాలిపడకు, ఉన్న మాట చెప్తున్నాను.

చూపు బాగా తక్కువున్న పిల్లల కోసం ఇక్కడ ఒక విభాగం మొదలుపెడుతున్నారు. దాన్ని నన్నే చూసుకోమంటున్నారు. నేను ఎన్నాళ్లుగా కోరుకుంటున్న పని అదేనని నీకు తెలుసు. ఇక్కడే ఉండిపోతానో, పాత ఆసుపత్రికి వచ్చేస్తానో ఇంకో మూడు నెలల్లోగా రాసివ్వాలి. పని చూస్తే ఉండాలనిపిస్తుంది. ఆదివారం వస్తే పెట్టె సర్దుకోవాలనిపిస్తుంది. అక్కడైతే పొద్దున్నే మీ ఇంటికొచ్చి, పెన్నులన్నీ బల్ల మీద పరిచి, మధ్యాహ్నం దాకా నీతో పోట్లాడేదాన్ని. ఇక్కడ నా నాలుగు పెన్నులు నేనే కడుక్కుని, నేనే సిరా నింపుకుని, నాకు నేనే చూపించుకుంటున్నాను. ఎదురింటివాళ్లు పిచ్చిదాన్ననుకుంటారని కిటికీ కూడా వేసుకుంటున్నాను.

అందుకే ఈ ఊళ్లో పెన్నుల పిచ్చివాళ్లు ఎక్కడైనా కలుసుకుంటారేమోనని వెతకడం మొదలుపెట్టాను. ఫోన్‌లో వెతికితే మొదట ఒక సంఘం దొరికింది. తీరా చూస్తే వాళ్లు ఆఖరిసారి కలిసి ఏళ్లయింది. ఫొటోలో అందరూ నవ్వుతున్నారు, ఇప్పుడెక్కడున్నారో. రెండో సంఘంలో చేరగానే ఒకాయన పలకరించాడు, నా పేరైనా అడక్కుండా ధరల పట్టిక పంపాడు. మూడోది నిజంగానే ప్రతి నెలా కలుస్తుందట, కాకపోతే వెళ్లడానికి ఒక పూటంతా రైల్లో కూర్చోవాలి. ఇలా కాదని పెద్ద బజారులో స్టేషనరీ దుకాణానికి వెళ్లాను. కొట్టాయన నన్ను ఎగాదిగా చూసి, "ఫౌంటెన్ పెన్నులాండీ? ఇప్పుడు వాటితో ఎవరు రాస్తారు? బహుమతికైతే డబ్బాతో సహా ఉంది, ఇమ్మంటారా?" అన్నాడు. రాసేవాళ్ల కోసమే వెతుకుతున్నానంటే, నాకేదో ఆపద వచ్చిందనుకుని కుర్చీ వేశాడు.

నీకు తోచిన ఉపాయం రాయి.

గుండుసూది


ఇల్లు, వెనక గది
గురువారం

గుండుసూదికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సంగతుల కోసం, రెండోసారి అక్షరాల కోసం. సన్నపాళీ బాగా నడుస్తోంది గానీ కాగితం సిరా పీల్చేస్తోంది. పిసినారితనం మాని మంచి కాగితం కొనుక్కో.

నువ్వు వెతికే పద్ధతే తప్పు. పెన్నులు అమ్మేవాణ్ణి అడిగితే వాడు పెన్ను అమ్ముతాడు, ఇంకేం చేస్తాడు? సిరా సీసాలు ఎవరు పట్టుకెళ్తున్నారో అడగాలి. పెన్ను ఒకసారి కొంటారు, సిరాకి మాత్రం మళ్లీ మళ్లీ రాక తప్పదు. ఇంకో సంగతి. మనవాళ్లని మొహం చూసి పోల్చుకోలేవు, వేళ్లు చూడాలి. మధ్యవేలి పక్కన మరక ఉంటుంది, ఏ సబ్బుకీ లొంగదు. నా వేలు చూసి కాలేజీలో కొత్తగా చేరిన పిల్లలు ఏదో రోగమనుకుంటారు. లాబ్ అసిస్టెంట్‌ని కాబట్టి యాసిడ్ పడి ఉంటుందిలే అని సరిపెట్టుకుంటారు.

దీంతో పాటు నా నల్ల సిరా ఒక సీసా పంపుతున్నాను. కరక్కాయలు నానబెట్టిన రసంలో అన్నభేది, అదే ఇనుప ఉప్పు, కలిపి చేశాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ ఇంత బాగా కుదరలేదు. రాసేటప్పుడు బూడిదరంగులో ఉంటుంది, ఆరేకొద్దీ నల్లబడుతుంది. బజారు సిరాలు నాలుగు చుక్కల నీళ్లకే కొట్టుకుపోతాయి, ఇది కాగితం నానిపోయినా చెక్కుచెదరదు. మనవాళ్లెవరైనా దొరికితే చూపించు. నోరెళ్లబెట్టకపోతే నన్నడుగు.

ఉండటమా, రావడమా అనేది నీ ఇష్టం.

అన్నయ్య

వదిన రాస్తున్నది: సిరా కుదిరిందో లేదో నాకు తెలీదు గానీ, పాలగిన్నె మాత్రం పాడైంది. ఎంత తోమినా నలుపు వదలడం లేదు. నువ్వు ఉన్నప్పుడు నా తరఫున తిట్టేదానివి. ఇప్పుడు నేనొక్కదాన్నే తిట్టుకోవాల్సి వస్తోంది. వేళకి తిను.


అద్దె గది
సోమవారం సాయంత్రం

అన్నయ్యా,

దొరికారు. నువ్వు చెప్పినట్టే వేలు పట్టిచ్చింది, కాబట్టి ఈ నెలంతా నువ్వు కాలరెగరేసుకుని తిరగొచ్చు.

ఇవాళ పరీక్షకి ఒకావిడ వచ్చింది. పశువుల డాక్టరు. మనిషీ గొంతూ రెండూ పెద్దవే. పై వరుస చదవండి అన్నాను, చదివింది. అద్దం మార్చబోతే చట్రం తనే సర్దుకుంది. మధ్యవేలి మీద నెమలికంఠం రంగులో మరక. నాకిక ఆవిడ కళ్లు కనబడితే ఒట్టు.

"అది ఏ సిరా అండీ?" అని అడిగేశాను.

"కళ్లు చూడమని వస్తే వేళ్లు చూస్తావేంటమ్మా?" అంది. ఆ తర్వాత, "నువ్వూ రాస్తావా?" అని అడిగింది.

ఆ చీకటి గదిలో ఇద్దరం పాళీల గురించి మాట్లాడుకుంటూ కూర్చున్నాం. బయట కూర్చున్నవాళ్లు తలుపు తట్టేదాకా మాకు ఆ ధ్యాసే లేదు.

నెలకోసారి, రెండో శనివారం మధ్యాహ్నం, ఒక సైకిల్ షాపు మేడ మీద కలుస్తారట. షాపాయనా, ఈ డాక్టరమ్మా, ఒక లెక్కల మాస్టారూ, ఇంకో ఇద్దరు ముగ్గురూ. ఫోన్‌లో నాకెందుకు కనబడలేదని అడిగాను. ఒకసారి ప్రకటన పెడితే అమ్ముకునేవాళ్లే వచ్చి పడ్డారట, అప్పట్నుంచి మనిషిని చూసి చెప్పడమే.

వాళ్లకో ఆచారం ఉంది, విను. ఒక ఉమ్మడి సీసా పెట్టుకున్నారు. కొత్తగా చేరినవాళ్లు తమ సిరా ఒక ఫిల్లరు నిండా తీసి అందులో పొయ్యాలి. కలిసిన ప్రతిసారీ ఆ సిరాతో గోడకున్న పొడుగాటి కాగితం మీద ఒక గీత గీస్తారు. సీసా మొదలుపెట్టి పదకొండేళ్లయిందట. మొదటి గీత నీలమైతే, మనుషులు చేరేకొద్దీ రంగు మారుతూ ఇప్పుడు వంకాయ రంగుకి వచ్చిందట. ఎవరు ఎప్పుడు చేరారో గీత చూసి చెప్పేయొచ్చని డాక్టరమ్మ గొప్పగా చెప్పింది.

ఈ శనివారమే వెళ్తున్నాను. అందులో పొయ్యబోయేది ఏ సిరానో చెప్పక్కర్లేదు కదా. వాళ్ల సీసాలో నేనొక్కదాన్నే చేరడం లేదు, నువ్వూ చేరుతున్నావు.

గుండుసూది


ఆసుపత్రి, భోజన విరామం
మంగళవారం

అన్నయ్యకి,

వెళ్లాను. గది బాగుంది. నీ సిరా చూసి అందరూ ఆశ్చర్యపోయారు.

ఇక్కడ ఉక్కపోతగా ఉంది. పాత ఆసుపత్రిలో నా కుర్చీ ఇంకా ఖాళీగానే ఉందని విన్నాను. వచ్చేస్తే ఎలా ఉంటుందా అని ఆలోచిస్తున్నాను. వదినని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు


ఇల్లు, వెనక గది
శనివారం

గుండుసూదికి,

ఆశ్చర్యపోయారంటే సరిపోతుందా? ఎవరెవరు ఏమేమన్నారో రాయొద్దూ? లెక్కల మాస్టారు ఆరేదాకా ఆగి చూశాడా, ముందే అభిప్రాయం చెప్పేశాడా? ఉమ్మడి సీసా రంగు ఎంత మారింది? వంకాయ రంగులోకి నలుపు దిగితే చూడముచ్చటగా ఉండి ఉంటుంది. గీత గీసిన కాగితం ఫొటో తీసి పంపు.

వాళ్లందరికీ తలో సీసా ఇద్దామని మళ్లీ కరక్కాయలు నానబెట్టాను. సైకిల్ షాపు చిరునామా పంపు, నేరుగా వాళ్లకే పంపుతాను.

అన్నయ్య

వదిన రాస్తున్నది: నీ ఉత్తరం వచ్చినప్పట్నుంచి ఈయన కాలు నేల మీద నిలవడం లేదు. కూరల అబ్బాయిని నిలబెట్టి మరీ చెప్పారు. ఆ సంబరంలో ఆయన చూసుకోలేదు గానీ నేను చూశాను. నువ్వు ఆ ఉత్తరం బాల్‌పెన్నుతో రాశావు. ఈ ఇంటికొచ్చినప్పట్నుంచి నువ్వు బాల్‌పెన్ను పట్టుకోగా నేను చూడలేదు. ఏం జరిగింది? నాకు విడిగా రాయి.


అద్దె గది
బుధవారం

వదినా,

నీ కళ్లకి నేను అద్దాలు ఇవ్వక్కర్లేదు.

జరిగింది చెప్తాను. శనివారం వెళ్లాను. కింద సైకిళ్లు, నూనె వాసన. మేడ మీద పొడుగాటి బల్ల, దాని చుట్టూ ఆరుగురు. మెట్లెక్కుతుంటేనే డాక్టరమ్మ "మన కళ్లమ్మాయి వచ్చింది" అని కేకేసింది. నా పెన్నులు చూశారు, వాళ్లవి చూపించారు. అడక్కుండా ఎవరూ ఒకరి పెన్నుతో ఒకరు రాయరు. రాసినా పాళీ మీద బరువు పెట్టరు. ఆ మర్యాద చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. మూడు నెలలుగా బిగబట్టుకున్న మాటలన్నీ ఒక్క గంటలో మాట్లాడేశాను. ఈ ఊళ్లో ఉండిపోవచ్చు అనుకున్నాను వదినా. అప్పుడు ఉమ్మడి సీసా తెచ్చారు.

అన్నయ్య సిరా ఒక ఫిల్లరు నిండా తీసి పోశాను. మా అన్నయ్య చేసిందని గొప్పగా చెప్పాను కూడా. షాపాయన గాజు కడ్డీతో కలిపి గోడ మీద గీత గీశాడు. గీతలో ముద్దలు పడ్డాయి. సీసా వెలుతురుకి పెట్టి చూస్తే లోపలంతా పాలు విరిగినట్టు విరిగిపోయింది. అడుగున మడ్డి, పైన తేటనీళ్లు.

మాస్టారు "పర్వాలేదమ్మా" అన్నాడు గానీ, ఆయన గొంతులో పర్వాలేదన్నది లేదు. షాపాయన సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ సీసా మొదట పెట్టింది ఆయనేనట, తన స్నేహితుడితో కలిసి. ఆ స్నేహితుడు ఇప్పుడు లేడట. ఆ పూట నేను కూర్చోగానే వాళ్లు నాకు మొదట చెప్పిన సంగతి ఇదే. నేను లేచి మెట్లు దిగి వచ్చేశాను. సన్నపాళీ పెన్ను బల్ల మీదే మరిచిపోయాను. దాని కోసం వెనక్కి వెళ్లే మొహం లేదు. డాక్టరమ్మ కొత్త కళ్లజోడు తీసుకోవడానికి వస్తే, తోటి అమ్మాయిని పంపి నేను స్టోరు గదిలో నిలబడ్డాను. నలభై ఏళ్ల మనిషిని, చూడు.

ఇంట్లో సిరా సీసా ముట్టుకోబుద్ధి కావడం లేదు. వచ్చేస్తానని కాగితం రాసి సంచీలో పెట్టుకున్నాను, గడువులోగా ఇచ్చేస్తాను. పిల్లల విభాగం ఇంకెవరైనా చూసుకుంటారు.

అన్నయ్యకి మాత్రం చెప్పొద్దు. ఆయనకి ఆ సిరా అంటే ఎంతో నీకు తెలుసు. నా ఆదివారాలు పోతే పోయాయి, ఆయన సంతోషమన్నా ఉండనీ.

గుండుసూది


ఇల్లు, వంటగది
శుక్రవారం

అమ్మాయీ,

చెప్పొద్దన్నావు. చెప్పేశాను. ఆయన నాలుగు పెద్ద సీసాల సిరా కాచి చల్లార్చుకుంటుంటే చూస్తూ ఊరుకోవడం నా వల్ల కాలేదు. నీ ఉత్తరం చేతిలో పెట్టి నేను పెరట్లోకి పోయాను. తిరిగొచ్చేసరికి పొయ్యి ఆర్పేసి ఇది రాస్తూ కనబడ్డారు. కోప్పడితే నా మీద కోప్పడు.

వదిన

గుండుసూదికి,

తప్పు నీది కాదు, నాది. మన సిరాలో ఇనుమూ పులుపూ ఉంటాయి. బజారు రంగు సిరాల్లో చాలావాటికి పులుపు పడదు. కలిస్తే విరుగుతాయి. దీన్ని వేరే ఏ సిరాతోనూ కలపకూడదని సీసా మీద రాయాల్సింది. కాలేజీలో పిల్లల దగ్గర పేరు చీటీ లేని సీసా కనబడితే వాళ్లని ఇంటికి పంపేస్తాను. అలాంటిది నేనే, నా గొప్పలు రాయడంలో పడి ఆ ముక్క మరిచిపోయాను. ఉమ్మడి సీసాలో పోస్తానని నువ్వు రాసినప్పుడైనా తట్టాలి. తట్టలేదు. నేనూ చేరుతున్నానని రాశావు చూడు, అది చదివాక నాకు రసాయనశాస్త్రం గుర్తుకు రాలేదు.

దానికి మందు ఉందేమోనని అడుగుతావు. లేదు. ఏదో ఒకటి పోసి బాగుచేయాలని చూడకు, ఇంకా పాడవుతుంది. బదులుగా కొత్త సీసా కొని పట్టుకెళ్లకు. నువ్వు వెళ్లాల్సింది బాగుచేయడానికి కాదు. నీ పెన్ను అక్కడుంది, తెచ్చుకోవడానికి వెళ్లు. వాళ్లు తలుపు వేస్తే అప్పుడు వచ్చేయి. వాళ్లు వేయకముందే నువ్వు వేసుకుని కూర్చోకు.

ఇంకో మాట రాయాలి. రాయాలంటే కష్టంగా ఉంది. ఉండటమా రావడమా నీ ఇష్టం అని రాశాను గుర్తుందా? అది నిజం కాదు. నువ్వు రావాలనే ఉంది నాకు. ఆదివారం పొద్దున్నే లేచి గడ్డం గీసుకుని కూర్చుంటున్నాను, ఎవరొస్తారని. మీ వదిన కాసేపు కూర్చుంటుంది పాపం, ఆవిడకి ఏ పెన్నైనా ఒకటే. అందుకే నీకు ఉండమని ఒక్క ముక్క రాయడానికి చేతులు రాలేదు. ఇప్పుడు రాస్తున్నాను. ఆ పిల్లల పని నీది. వచ్చావంటే నేను సంతోషిస్తాను, ఆ సంతోషం చూసి నువ్వు మంచి పనే చేశాననుకుంటావు. అది జరగకూడదు. రావద్దు.

రెండో శనివారం దగ్గరికొస్తోంది.

అన్నయ్య


అద్దె గది
ఆదివారం పొద్దున

అన్నయ్యా, వదినా,

ఇద్దరూ కలిసి చదవండి. సన్నపాళీతోనే రాస్తున్నాను.

నిన్న వెళ్లాను. సైకిల్ షాపు ముందు నిలబడి, పంక్చరు వేయించుకునేదానిలా కాసేపు చక్రాలు చూశాను. అప్పుడు పైన కిటికీలోంచి డాక్టరమ్మ తల బయటికి పెట్టింది.

"పైకి వస్తావా, నన్ను దిగమంటావా? మోకాళ్ల నొప్పులున్న మనిషినమ్మా" అంది.

పైకెళ్లాను. నా పెన్ను బల్ల మీద, నేను కూర్చున్న చోటే ఉంది. కడిగి, తుడిచి, మూత పెట్టి ఉంది. గోడ మీది కాగితం చూశాను. చింపేసి ఉంటారనుకున్నాను, లేదు. ఆ రోజు గీత ముద్దలు ముద్దలుగా అలాగే ఉంది, కింద తేదీ వేసి ఉంది.

క్షమించమని అడిగాను. సిరా సంగతి నువ్వు రాసింది రాసినట్టు చెప్పాను. షాపాయన తల వంచుకుని విన్నాడు.

"అబద్ధమెందుకు మేడమ్, నాకు చాలా బాధేసింది" అన్నాడు. "నెలంతా మీ మీద కోపంగానే ఉన్నాను."

"మరి ఇప్పుడో?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఇప్పుడూ కొంచెం ఉంది. టీ తాగాక చూద్దాం."

టీ తాగాం. ఆయన లోపలికి వెళ్లి ఖాళీ సీసా తెచ్చాడు. అదే సీసా, కడిగి ఎండబెట్టింది. నేను వెళ్లిపోయిన వారంలోనే కొత్తది మొదలుపెడదామని ఒకరిద్దరు అన్నారట. మాస్టారు ఒప్పుకోలేదట. ఎందుకండీ అని ఆయన్నే అడిగాను.

"మీరు లేకుండా మొదలుపెడితే మిమ్మల్ని వెలేసినట్టు అవుతుందమ్మా. సిరా పోయింది, పోనీ. మనిషిని కూడా పారబోసుకుంటామా?" అన్నాడు.

నేను ఏడ్చాను. నేను ఏడుస్తూ కూర్చుంటే తన కళ్లు పరీక్ష చేసేదెవరని డాక్టరమ్మ అడిగింది. ఇక నుంచి ముందు సాసర్లో రెండు చుక్కలు కలిపి చూశాకే సీసాలో పొయ్యాలని అప్పటికప్పుడు తీర్మానించారు. పదకొండేళ్లు ఇది ఎవరికీ ఎందుకు తట్టలేదో అర్థం కాలేదని మాస్టారు సిగ్గుపడ్డాడు. అందరం పోశాం. నేను మామూలు నీలం పోశాను. సంచీలో పట్టుకెళ్లిన నీ సిరాని విడిగా అందరూ పెన్నుల్లో నింపుకుని రాశారు, ఆరేదాకా ఆగి చూశారు. ఆశ్చర్యపోయారు అన్నయ్యా, ఈసారి నిజంగా. 'దేనితోనూ కలపరాదు' అని షాపాయన తన చేత్తో చీటీ రాసి సీసాకి అంటించాడు.

రేపు ఆసుపత్రిలో కొత్త కాగితం ఇస్తున్నాను. ఉంటున్నానని. సంచీలోది చింపేశాను.

నీ ఉత్తరంలో ఆదివారాల సంగతి ఎన్నిసార్లు చదివానో చెప్పను. నువ్వు నన్ను రావద్దన్నావు, నేను రావడం లేదు. కానీ గడ్డం గీసుకుని ఊరికే కూర్చుంటే నేను ఊరుకోను. నాకు చెప్పిన ఉపాయాలన్నీ నీకూ పనికొస్తాయి. ఇన్నేళ్లూ నేనున్నానని నువ్వు ఎవరినీ వెతకలేదు. ఇప్పుడు వెతుకు.

గుండుసూది


ఇల్లు, వెనక గది
రెండు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం

గుండుసూదికి,

నీ ఉత్తరం చదివి మీ వదిన కళ్లు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదని ఆవిడ నీకు రాస్తే నమ్మకు, ఇద్దరం తుడుచుకున్నాం.

ఎవరినీ వెతకనని నేను మొండికేశాను. ఈ వయసులో కొత్తవాళ్ల వెంట ఏం పడతామన్నాను. మీ వదిన విన్లేదు. రోజూ కాలేజీకి బయల్దేరేటప్పుడు "ఇవాళ ఎవరినైనా అడుగుతారా?" అని గుమ్మం దగ్గర నిలబడేది. ఆవిడ పోరు పడలేక ఒక కాగితం మీద నా సిరాతో నాలుగు లైన్లు రాసి, స్టాఫ్ రూమ్ బోర్డుకి పెట్టాను. 'ఫౌంటెన్ పెన్నులంటే ఇష్టమున్నవారు కెమిస్ట్రీ లాబ్‌లో కలవగలరు.' మూడు రోజులు ఎవరూ రాలేదు. నాలుగో రోజు మా లాబ్ ఎదురు గదిలో ఆరేళ్లుగా పనిచేస్తున్న ఫిజిక్స్ లెక్చరర్ వచ్చాడు. నేనతనితో ఆరేళ్లలో మాట్లాడింది ఒక్కసారి, అదీ ఫ్యాన్ రిపేరు గురించి.

"ఈ నలుపు ఎలా వచ్చిందండీ? బోర్డు దగ్గర చాలాసేపు చూశాను" అన్నాడు. జేబులోంచి మూడు పెన్నులు తీశాడు.

ఇవాళ పొద్దున ఇంటికొచ్చాడు. పెన్నులు గుడ్డలో చుట్టుకొచ్చాడు. మాటకారి కాదు గానీ తెలిసిన మనిషి. నా సిరాలో జిగురు ఎక్కువైందన్నాడు. మొదటి రోజే అలా అంటాడా అని ఒళ్లు మండింది. మధ్యాహ్నం దాకా పోట్లాడుకున్నాం. చాలా రోజులకి ఆకలేసింది.

ఒక్క సంగతి నీకు చెప్పాలి. వస్తూనే అతను కిటికీ వైపు నువ్వు కూర్చునే కుర్చీ లాక్కోబోయాడు. మీ వదిన కంగారుగా వంటింట్లోంచి స్టూలు పట్టుకొచ్చింది. నేను వద్దన్నాను, కూర్చోనీ అన్నాను. వెలుతురు అక్కడే బాగుంటుంది కదా. కూర్చోబెట్టే ముందు మాత్రం అతనికి స్పష్టంగా చెప్పాను, మా చెల్లెలు వచ్చిన రోజున లేవాల్సి ఉంటుందని.

అన్నయ్య